ఇంటి నెట్టు ఏల నెమ్మదించును?

ఆదివారము ప్రొద్దుట తొమ్మిది గంటల వేళ, అచ్చట డాలసు నగరమందు శనివారపు రాత్రి భోజనములు ముగించుకొని కూర్చున్న కొడుకును, కోడలును, మనుమరాలును ఇచ్చట విజయవాడలోని ముందుగది టీవీలో కనిపించుచుండగా, ఆ పసిది క్రొత్తగా నేర్చిన పాటను సగము పాడునంతలో తెర బిగుసుకొని, తెరచిన నోరు తెరచినట్లే నిలిచిపోయి, నడుమ నొక చిన్న చక్రము గిర్రున తిరుగనారంభించుట నేడు తెలుగునాట ఎన్ని యిండ్లలోనో వారము వారము జరుగుచున్న ముచ్చట. "హలో, వినపడుతోందా? మాకు మీరు ఆగిపోయారు" అని తాతగారు కేకవేయుదురు, "నెట్ స్లోగా ఉంది నాన్నా" అని ఆవలినుండి సమాధానము, అదియును ముక్కలు ముక్కలుగా, వచ్చును. సాయంత్రమునకు ఇంటిలో నొక తీర్మానము జరుగును: ఈ ప్లాను చాలదు, దీనికి పైది వేయించుకొనవలెను. నెలకు రెండు మూడు వందలు అదనముగా చెల్లింపబడును. మరుసటి ఆదివారమును అదే చక్రము తిరుగును.

"నెట్ స్లోగా ఉంది" అను మాటలో అబద్ధము లేదు. కాని అందులో ముఖ్యమైన సగము లేదు. చేతిలోని ఫోనునుండి బయలుదేరిన సమాచారము మొదట ఇంటిలోని గాలిని దాటి రౌటరును చేరవలెను. అచ్చటినుండి వీధిస్తంభము మీదుగా పోవు గాజుతీగలో ప్రవేశింపవలెను. ఆపైన కంపెనీవారి యంత్రశాల, ఆపైన ముంబాయి లేక మద్రాసు తీరమున సముద్రములోనికి దిగు కేబులు, ఆపైన పరదేశపు నేల. ఈ మజిలీలలో నేదో యొకదానియందు పుట్టిన జాప్యమునకు మరియొక మజిలీయందు ధనము వెచ్చించిన ఫలమేమి? పెద్ద ప్లాను అనునది కంపెనీవారికిని మన ఇంటికిని నడుమనున్న మజిలీని మాత్రమే విశాలము చేయగలది. తక్కినవానికి దానితో సంబంధము లేదు. జాప్యము పుట్టుచోటు కనుగొనుటకు ఒక ల్యాన్ తీగయు, ఒక అరగంట ఓపికయు చాలునన్నది ఈ వ్యాసకర్త మతము.

ముందుగా వేగమన నెంతయో, మనకు కావలసిన దెంతయో చూతము. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టు సేవను ప్రారంభించిన నాళ్లలో టెలిఫోను తీగమీద కీచుమని కూయు మోడెములతో ఒక్కొక్క బొమ్మ పైనుండి క్రిందికి దిగుటను కూర్చుండి చూచిన వారున్నారు. 2004లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన విధానమందు సెకనుకు 256 కిలోబిట్లు వచ్చిన చాలు, దానిని బ్రాడ్‌బ్యాండనవచ్చును. 2023 జనవరిలో ఆ కనిష్ఠమును 2 మెగాబిట్లకు పెంచిరి. నేడు పట్టణములలో సామాన్యగృహస్థుడు కొనుచున్నది 50, 100 మెగాబిట్లు. పూర్తి హెచ్‌డీ సినిమాకు 5 మెగాబిట్లు, 4కె చిత్రమునకు 15 మెగాబిట్లు చాలునని నెట్‌ఫ్లిక్సు వారే చెప్పుచున్నారు. కావున 100 మెగాబిట్ల ఇంటిలో తాతగారి వీడియో కాలు ఆగిపోయినచో అది చాలకపోవుటవలన కాదని తొలుతనే గ్రహింపవచ్చును. మెగాబిట్టు వేరు, మెగాబైటు వేరు. ఎనిమిది బిట్లొక బైటు. అందుచేత 100 మెగాబిట్ల కనెక్షనుపై సినిమా దించుకొనునపుడు కంప్యూటరు 12 అని చూపినచో మోసపోతిమని కలవరపడ నక్కరలేదు.

ఇక పరీక్ష. ఇంటిలోని టీవీలను, ఫోనులను నెట్టునుండి కాసేపు తొలగించి, కంపెనీవారు గోడకు బిగించిన పెట్టెకు — జనులు దీనిని కొందరు మోడెమనియు, కొందరు రౌటరనియు, కొందరు కేవలము బాక్సనియు వ్యవహరింతురు — ల్యాప్‌టాపును తీగతో కలిపి స్పీడ్ టెస్టు నడపవలెను. పిదప తీగ తీసివేసి, పెట్టెకు రెండడుగుల దూరమున వైఫై మీద నొకమారు, పడకగదిలో మంచముమీద కూర్చుండి మరొకమారు నడపవలెను. తీగమీద ప్లానుకు తగిన అంకె వచ్చి, పడకగదిలో దానిలో పదవవంతు వచ్చినచో కంపెనీకి ఫోను చేయుట వృథాప్రయాస. లోపము ఇంటిలోనే యున్నది. తీగమీదనే తక్కువ వచ్చినచో వైఫై పరికరములు కొనుట వృథా వ్యయము.

తీగ పరీక్షలో నొక విశేషమైన అంకె కలదు. 200 లేక 300 మెగాబిట్ల ప్లాను తీసికొన్నవారికి ఎప్పుడు చూచినను 94 వద్దనే ముల్లు నిలిచిపోయినచో, అది కంపెనీ చేసిన కోత యనుకొనరాదు. ల్యాన్ తీగలో నాలుగు జంటలుగా ఎనిమిది సన్నని రాగితీగలుండును. వేయి మెగాబిట్ల వేగమునకు నాలుగు జంటలును కావలెను. నూరు మెగాబిట్లకు రెండు జంటలు చాలును. చివరనున్న ప్లాస్టిక్ పిన్నులో నొక తీగ వదులైనను, ఎలుక కొరికినను, బల్లకాలి క్రింద నలిగినను, ఇరుప్రక్కల యంత్రములును మారుమాటాడక నూరుకు దిగిపోవును. అందులోనుండి, సమాచారమును ముక్కలుచేసి మోయు పొట్లముల (ప్యాకెట్ల) చిరునామాలు మొదలగు అదనపు భారము పోగా మిగులునది ఇంచుమించు 94. కొన్ని చౌక పెట్టెలకు ఉన్న నాలుగు రంధ్రములలో నొకటి మాత్రమే వేయి మెగాబిట్లది, తక్కినవి నూరువి. రంధ్రము మార్చి, తీగ మార్చి చూచినంతనే ఈ వ్యాధి కుదిరిన యిండ్లు పెక్కు.

వైఫై విషయమున మన యిండ్లలో జరుగు అపచారములు ఇన్నన్ని కావు. కనెక్షను ఇచ్చుటకు వచ్చిన కుఱ్ఱవాడు తీగ ఎచ్చట లోపలికి వచ్చునో అచ్చటనే, అనగా వీధితలుపు వెనుక, చెప్పుల అలమరపైన, పెట్టెను బిగించి పోవును. ముందుగదిలో ఆ నల్లని పెట్టె, దాని కొమ్ములు, వ్రేలాడు తీగలు ఇంటివారి కంటికి ఇంపుగా నుండవు గావున అది క్రమముగా టీవీ వెనుకకును, అటుపిమ్మట బీరువా పైకిని, అచ్చట దుమ్ము పడకుండ క్రోషియా గుడ్డ క్రిందికిని వలసపోవును. గుడ్డవలన సంకేతమునకు హాని లేదు, వేడిమికి మాత్రము చోటిచ్చును. బీరువా యన్ననో, అది ఉక్కు. దాని తలుపునకున్న నిలువుటద్దము వెనుకనున్నది లోహపుపూత. రేడియో తరంగములు లోహమును తాకి వెనుకకు మరలును. నీరు వానిని మ్రింగును. చేపలతొట్టె ప్రక్కన రౌటరు నుంచుట ఇట్టిదే. ఇక కాంక్రీటు స్తంభములును, స్లాబును ఇనుపచువ్వల వలలే కదా! మేడపై గదికి వైఫై రాలేదని వాపోవు వారు తలపైకెత్తి స్లాబును చూచిన చాలును.

వైఫైకి రెండు మార్గములున్నవి. 2.4 గిగాహెర్ట్జుల తరంగము గోడలను దాటుటలో నేర్పరి, గాని దానిపై రద్దీ మెండు; 5 గిగాహెర్ట్జులది విశాలము, వేగవంతము, గాని రెండు గోడలు దాటునప్పటికి డస్సిపోవును. మొదటి మార్గమున బ్లూటూత్ పరికరములన్నియు సంచరించుచున్నవి. వంటింటి మైక్రోవేవ్ ఓవెను 2.45 గిగాహెర్ట్జుల వద్ద పనిచేయును గావున కూర వేడిచేయు రెండు నిముషములు ప్రక్కగదిలో వీడియో తడబడుట కద్దు. ఈ మార్గమందలి చానెళ్లలో ఒకదానిపై నొకటి పడక విడిగా నిలుచునవి మూడే: 1, 6, 11. నలువది వాటాల అపార్టుమెంటులో ఫోను తెరచి చూచినచో ఇరుగుపొరుగువారి వైఫై పేర్లు పుంఖానుపుంఖములుగా కనిపించును. వీరందరును ఆ మూడింటిని పంచుకొనవలసినవారే. వైఫై మర్యాద యేమనగా, ఒకరు మాటలాడునపుడు తక్కినవారు మౌనము వహించి, గాలి ఖాళీయైన పిదప తాము మాటలాడుట. ఒకే గాలిని పలువురు పంచుకొనుటకు 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ ఏబ్రామ్సన్ బృందము నడపిన ఆలోహానెట్టు తొలి ప్రయత్నము. నేటి వైఫై ఆ వంశములోనిదే. పొరుగింటి రౌటరుతో మన రౌటరునకు పరిచయము లేకున్నను, దాని మాట ముగియువరకు మనది వేచియుండక తప్పదు.

కావున చేయదగినవి స్పష్టము. పెట్టెను ఇంటి నడుమకు, ఛాతీయెత్తున, బయలుప్రదేశమునకు తెచ్చుట మొదటిది. కంపెనీ కుఱ్ఱవానిని బ్రతిమాలి పది మీటర్ల తీగ అదనముగా లాగించుకొనుట ఖరీదైన రౌటరు కొనుటకంటె మేలు. రెండు మార్గములకును ఒకే పేరున్నచో కొన్ని ఫోనులు రద్దీ మార్గమునే పట్టుకొని వ్రేలాడును; పేర్లు వేరుచేసి టీవీని, ల్యాప్‌టాపును 5 గిగాహెర్ట్జులకు మార్చవలెను. 2.4లో చానెలు వెడల్పును 20 మెగాహెర్ట్జులకే పరిమితము చేయుట అపార్టుమెంటువాసులకు ధర్మమును, లాభమును కూడ. కదలని వస్తువైన టీవీకి గాలితో పనియేమి? దానికి తీగయే వేయవలెను. వేయిరూపాయలకు దొరకు రిపీటర్లపై ఈ రచయితకు సదభిప్రాయము లేదు: అవి విన్నమాటనే అదే గాలిలో మరల పలుకవలెను గనుక వేగము సగమగును, పైగా సంకేతమే లేని పడకగదిలో దానిని తగిలించినచో, లేని సంకేతమును అది దేనిని వల్లించును? అది ఫోనుకు నిండుగీతలు చూపునుగాని, ఆ గీతలు ఫోనునుండి రిపీటరు వరకు గల దారికి సాక్ష్యము, ఆవలి దారికి కాదు.

అన్ని పరీక్షలును నెగ్గి, తీగమీద నూరుకు నూరు వచ్చియు, కాలు మాత్రము తెగిపోవు ఇండ్లు కొన్ని కలవు. ఇది మిక్కిలి చమత్కారమైన స్థితి. ఇంటిలో పెండ్లియైనది, రెండువేల ఫోటోలు, నలువది వీడియోలు ఇంటిల్లిపాది ఫోనులలో చేరినవి, రాత్రి చార్జింగు పెట్టినంతనే అవి గూగుల్ ఫోటోసునకు ఎక్కుట కారంభించినవి. మన రౌటరు ఎవ్వరిని కాదనదు. వచ్చిన పొట్లముల నన్నిటిని తన జ్ఞాపకకోశమున వరుసగా నిలుపుకొనును. రైలుగేటు వద్ద ఇసుకలారీలు మైలు పొడవున బారుతీరియుండగా చివర వచ్చి నిలిచిన అంబులెన్సు గతి యేమో, తాతగారి మాటను మోసికొని వచ్చిన చిన్న పొట్లము గతియు నదియే. గేటు వెడల్పులో లోపము లేదు. ముందున్న బారు మితిమీరినది. పొట్లములను పారవేయక దాచుట సద్గుణమని తలచి యంత్రనిర్మాతలు జ్ఞాపకకోశములను ఎడాపెడా పెంచుటవలన కలిగిన ఈ దోషమును 2010 ప్రాంతమున అమెరికాలో జిమ్ గెట్టిస్ అను నింజనీరు తన ఇంటి కనెక్షనుమీదనే కనుగొని, దానికి బఫర్‌బ్లోట్ అని పేరుపెట్టెను.

దీనికి పూర్వచరిత్ర కలదు. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాయందు లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకును నడుమ, నాలుగువందల గజముల దూరమున, సెకనుకు 32,000 బిట్లు పోవలసినచోట 40 బిట్లు మాత్రమే పోవుచుండుట చూచి ఆ ప్రయోగశాలలోని వాన్ జేకబ్సన్ నివ్వెరపోయెను. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. చేరలేదను అనుమానముతో పంపినదానినే మరల మరల పంపు యంత్రముల ఆతురతయే దారినంతను క్రిక్కిరియజేసినది. పొట్లము తప్పిపోయినపుడు తొందర తగ్గించి, దారి తెరపియైన కొలది క్రమముగా పెంచవలెనని ఆతడు 1988లో ప్రకటించిన పద్ధతియే నేటికిని మన ఫోనులు పాటించు నడవడికి పునాది. పొట్లము తప్పిపోవుటయే అందులో హెచ్చరిక. దానిని తప్పిపోనీయక దాచియుంచు రౌటరు ఆ హెచ్చరికను అణచివేయుచున్నదన్నమాట. అదే జేకబ్సన్, క్యాథ్లీన్ నికల్సుతో కలిసి, 2012లో కోడెల్ అను చికిత్సను వెలువరించెను: పొట్లము వరుసలో ఎంతసేపు నిలిచినదో చూచి, మితిమీరినచో పారవేయుట.

గృహస్థుడు చేయవలసిన పని సులభము. ఊక్లా వారి స్పీడ్ టెస్టులో, పొట్లము పోయి వచ్చు కాలమును తెలుపు పింగ్ అను అంకె ప్రక్కన డౌన్‌లోడు, అప్‌లోడు జరుగుచున్నపుడు పింగెంతయో వేరుగా చూపును. ఊరక యున్నప్పుడు 8 మిల్లీసెకన్లుండి అప్‌లోడు వేళ 600 అయినచో దోషి దొరికినట్లే. రౌటరునందు క్యూఓఎస్ లేక ఎస్‌క్యూఎం అను సౌకర్యమున్నచో అప్‌లోడు హద్దును అసలు వేగములో తొంబదిశాతమునకు కుదించవలెను. లేకున్నచో ఫోటోల బ్యాకప్పును అర్ధరాత్రికి మార్చవలెను. పదిశాతము వదులుకొన్నందులకు లభించు నిరాటంకమైన సంభాషణను ఏ పెద్ద ప్లానైనను ఇయ్యజాలదు.

ఇక తీగ పరీక్షలోనే అంకె తక్కువ వచ్చినవారి సంగతి. నేడు మన ఇంటికి వచ్చు ఫైబరు నడిమి తంతువు మందము 9 మైక్రాన్లు. తల వెండ్రుకలో ఎన్నోవంతు. కాంతి లోపలికి 1490 నానోమీటర్ల తరంగముగను, వెలుపలికి 1310గను, ఒకే తంతువులో ఎదురెదురుగా పోవుచుండును. వీధిలోని స్ప్లిట్టరు ఒక తంతువు వెలుగును 32 ఇండ్లకో 64 ఇండ్లకో పంచును. మన పెట్టెను చేరు వెలుగును లైన్‌మన్‌లు "పవర్" అందురు. సాధారణముగా అది మైనస్ 8కిని మైనస్ 27కిని నడుమ నుండవలెను. అంకె మూడు దిగిన వెలుగు సగమైనదని అర్థము. మైనస్ 21 నుండి 27కు దిగినచో మిగిలినది నాలుగవవంతు. 28, 29 అయినచో పెట్టెమీది ఎర్రదీపము, వారి మాటలో "లాస్ లైటు", వెలిగి ఆరుచుండును.

ఒక లైన్‌మన్ పని చేయుచుండగా ప్రక్కన నిలిచి చూచుట చదువుకొన్నవారికి కూడ తగిన వేడుక. విశ్రాంత ఉపాధ్యాయుని ఇంటికి వచ్చిన యువకుడు ముందు పెట్టెను ముట్టడు. ఆకుపచ్చని పిన్ను ఊడదీసి, అరచేతిలో ఇమిడెడి మీటరుకు తగిలించి, "మైనస్ ఇరవై తొమ్మిది వస్తోంది మాస్టారూ" అనును. పిన్నుకొనను ప్రత్యేకమైన నారగుడ్డతో ఒక్కమారు తుడిచి మరల చూచును: ఇరువదియారు. తొమ్మిది మైక్రాన్ల ద్వారమునకు ఒక ధూళికణము చాలు గదా! ఆపైన తీగవెంట కన్నుపోనిచ్చి, "ఈ తీగ తలుపు సందులోంచి తెచ్చారేంటి? తలుపు వేసినప్పుడల్లా నలుగుతోంది" అని, దానిని విడిపించి కిటికీమీదుగా గుండ్రముగా వంచి బిగించును: ఇరువదియొకటి. గాజుతీగను ముడివలె మడచినచో కాంతి ఆ మలుపున వెలుపలికి జారిపోవును. ఆకుపచ్చ పిన్నుకొన ఎనిమిది డిగ్రీల వాలుగా సానబట్టబడినది, నీలిది తిన్నగా. ఆకుపచ్చకు నీలిని జతచేసిన తొందరపాటు పనివలన వెలుగు సగానికి పైగా పోవుటయు కలదు. ఇట్టి లోపమున్న యింట నెట్టు నిలకడగా నెమ్మదించుటకంటె, మాటిమాటికి తెగి అతుకుకొనుచుండుట అధికముగా కానవచ్చును. ఈ భేదము చెప్పగలిగిన గృహస్థునకు లైన్‌మన్ కృతజ్ఞుడగును.

వీధి విషయమున మన చేతిలో నున్నది స్వల్పము. ఆంధ్రప్రదేశమున ఫైబర్‌నెట్టును ప్రభుత్వము విద్యుత్ స్తంభముల మీదుగనే ఊరూరికి లాగించినది. ప్రయివేటు కంపెనీలవారును అదే త్రోవ పట్టిరి. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపురమందు ఊరేగింపులో విద్యుద్ఘాతమువలన ప్రాణములు పోయిన పిదప స్తంభములమీది తీగలను విద్యుత్ శాఖవారు కోసివేయగా నగరమున ఎన్నో వీధులలో నెట్టు ఆగినది. ప్రాణముకంటె నెట్టు గొప్పది కాదనుటలో సందేహము లేదు. ఆ తీగలను అట్లు వ్రేలాడ విడిచినవారి ఉపేక్షయే చర్చింపదగినది.

తెల్లవారుజామున నూరు, రాత్రి తొమ్మిదింటికి ఇరువది. ఈ తేడా తీగమీదనే కనబడినచో కారణము పంపకము. కంపెనీ తన పైదారిని అందరు ఒక్కసారిగా వాడరను లెక్కతో కొనును. క్రికెట్టు పందెమునాడు అందరును ఒక్కసారిగానే వాడుదురు. స్పీడ్ టెస్టు తరచుగా కంపెనీవారి సొంత యంత్రమునో, సమీపమునదో ఎన్నుకొనును గనుక ఊరిలోనిదియు దూరపుదియు రెండు సర్వర్లమీద చూడవలెను. పేజీలు తెరచుకొనుటకు ఆలస్యమై, తెరచుకొన్న పిమ్మట వేగముగానే నడచినచో పేరును అంకెల చిరునామాగా మార్చు డీఎన్‌ఎస్ మందగించినదని తెలియును, రౌటరులో డీఎన్‌ఎస్ స్థానమున 1.1.1.1 లేక 8.8.8.8 వ్రాసిన తీరిపోవును. రౌటరును ఆపి మరల వెలిగించుట పనిచేయును, నిజమే. దాని జ్ఞాపకము తుడుచుకొనును, చానెలు క్రొత్తగా వెదకికొనును. కాని దినదినము చేయవలసివచ్చినచో అది చికిత్స కాదు, వాయిదా.

సముద్రమునకు మందు లేదు. గాజులో కాంతి సెకనుకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు పోవును. విజయవాడనుండి డాలసు నేరుగా కొలిచినను 14 వేల కిలోమీటర్లకు పైమాట. పోయి వచ్చుటకు 140 మిల్లీసెకన్లకు తగ్గుట ఏ ధరకును అసాధ్యము, వంకరదారులవలన నిజముగా పట్టునది ఇంకను అధికము. కావున మనుమరాలి పాటకు తాతగారి చప్పట్లు కొంచెము ఆలస్యముగనే చేరును. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా వద్దను, 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రమున జెడ్డా సమీపమునను కేబులులు తెగినపుడు భారతదేశమునకు ఆ త్రోవ ఇరుకైనది. అట్టి దినములలో మన ఊరి సర్వరుకు వేగము యథాతథముగ నుండి, పశ్చిమదేశములకు మాత్రమే మందగించును. రౌటరును ఎన్నిమార్లు ఆపి వెలిగించినను ఓడ వచ్చి కేబులు నతుకువరకు వేచియుండవలసినదే.

కంపెనీకి ఫిర్యాదు చేయువారు "స్లోగా ఉంది" అనుటకు బదులు, "ల్యాన్ తీగమీద, ఇతర పరికరములన్నియు ఆపి, రాత్రి తొమ్మిదింటికి ఇంత, ఉదయము అయిదింటికి ఇంత, పవర్ మైనస్ ఇంత" అని చెప్పి, తేదీలతో తెరచిత్రములు దాచి, డాకెట్ నంబరు అడిగి వ్రాసికొనవలెను. అచ్చట తీరనిచో ప్రతి కంపెనీయందును అప్పీలు అధికారియొకడుండవలెనని టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ 2012 నాటి నిబంధన. ట్రాయ్ తానై వ్యక్తుల ఫిర్యాదులను విచారింపదు గనుక నేరుగా దానికి వ్రాసి ప్రయోజనము లేదు. 2024 అక్టోబరునుండి అమలులోనికి వచ్చిన సేవానాణ్యతా నియమములలో వేగముతోపాటు జాప్యమునకును, పొట్లముల నష్టమునకును హద్దులు పెట్టిరి. ప్లాను కాగితముమీద "100 మెగాబిట్ల వరకు" అని యున్నచో ఆ "వరకు" అను మూడక్షరములను ఫోనుచేయుటకు ముందే ఒకమారు చదివికొనుట మంచిది. అవతలి గొంతుక మొదట ఆశ్రయించునది వానినే.